బ్రేక్ ఎక్కడ కొట్టాలో కోచ్ ఎందుకు చెప్పట్లేదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. డబ్బులిచ్చి రేసింగ్ కోచ్‌ని పెట్టుకుంటే ఆయన నేర్పించడం మానేసి ఎదురు ప్రశ్నలేస్తున్నాడని. ఇంకొందరిది రివర్స్, మా కోచ్ ఒక్క క్షణం నోరు మూయట్లేదని. రెండూ తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఇంజన్ ఆయిల్ గురించీ లైసెన్స్ గురించీ అడిగినవాళ్లు ఏమనుకోకుండా వచ్చే నెలదాకా ఆగండి.

ప్రశ్న: సార్, మాది కొంపల్లి. మావోడికి పన్నెండేండ్లు, రెండేండ్లసంది కార్టింగ్, అదే చిన్న రేస్ బండ్లు నడుపుడు, చేస్తున్నడు. ఈ ఏడు కోచ్‌ని మార్చినం. పాత సార్ ప్రతి టర్న్‌కి ఎక్కడ బ్రేక్ కొట్టాలె, ఎక్కడ గ్యాస్ ఇయ్యాలె అన్నీ చెప్పేటోడు. కొత్తాయన ఏం చెప్తలేడు, సెషన్ అయిపోంగనే పిల్లగాన్ని కూసోబెట్టి ఏమైంది, ఏమనిపించింది అని ఉల్టా వాన్నే అడుగుతడు. ఈ నెలల టైమ్ అర సెకండు పెరిగింది కూడా. మేం పైసలు కట్టేది చెప్పనీకా, అడగనీకా?

జవాబు: అన్నా, మీ కోపం తప్పు కాదు. ట్రాక్ ఫీజు, టైర్లు, పెట్రోలు, ఇంజన్ రీబిల్డ్, ఇవన్నీ కట్టేవాడికే తెలుస్తుంది ఆ మంట, పైగా అర సెకండు పెరిగితే ఎవరికైనా కాలుద్ది. కానీ నేను మీ కొత్త కోచ్ పార్టీనే. ఎందుకో చెప్పాలంటే నా పరువు నేనే తీసుకోవాలి, తీసుకుంటా.

ఎనిమిదేళ్ల కిందట నేనూ మీ పాత సార్ టైపే. పదహారేళ్ల కుర్రాడు ఒకడు, కార్టింగ్ నుంచి అప్పుడే ఒంటిసీటు ఫార్ములా రేసు కారుకి వచ్చాడు. మెయిన్ స్ట్రెయిట్ చివర్లో టర్న్ ఎంత దూరమో చెప్పే బోర్డు ఉంటుంది కదా, అది నీ భుజం పక్కకి రాగానే కొట్టు, అంగుళం ముందు వద్దు అంగుళం వెనక వద్దు అని వాడికి నూరిపోశా. వాడు బంగారం, చెప్పింది చెప్పినట్టు చేశాడు. ప్రాక్టీస్‌లో రెండో టైమ్ మనదే, నేను పిట్‌లో, అదే ట్రాక్ పక్కన బండ్లాపే చోట, మీసం మెలేసుకుంటూ తిరిగా. ఆదివారం రేసు, రెండో ల్యాప్. వీడు ముందు కారు వెనకాల స్లిప్‌స్ట్రీమ్‌లో పడ్డాడు, గాలి అడ్డు తగ్గింది, స్ట్రెయిట్ చివరికొచ్చేసరికి రోజూ 150 ఉండే స్పీడు 158 అయింది. బోర్డు దగ్గరే కొట్టాడు. అంగుళం తేడా లేదు. సరాసరి ట్రాక్ బయటి గ్రావెల్, అదే కంకరలోకి పోయి కూర్చున్నాడు.

ఎనిమిది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ బ్రేకింగ్‌కి పట్టే దూరం స్పీడుతో సమానంగా పెరగదు, స్పీడు వర్గం లెక్కన పెరుగుద్ది. ఆ టర్న్‌కి 80తో తిరగాలి అనుకోండి, 150 నుంచి దిగడానికి 63 మీటర్లు పట్టేచోట 158 నుంచి దిగాలంటే 73 దాకా కావాలి. పది మీటర్లు. రెండు కార్లు వరసగా పెడితే అంత. వాడు హెల్మెట్ తీసి ఏడుపు ఆపుకుంటూ "మీరు చెప్పిన చోటే కొట్టాను కదా సార్" అన్నాడు. నిజమే, కొట్టాడు. నేను వాడికి నేర్పింది ఒక బోర్డు, బ్రేకింగ్ కాదు.

కార్టింగ్‌లో ఇంకా ఘోరం, పొద్దున ట్రాక్ మీద టైర్ల రబ్బరు ఉండదు, మధ్యాహ్నానికి పేరుకుంటుంది, సాయంత్రం వేడి తగ్గితే మళ్లీ మారుద్ది, రోజుకి మూడుసార్లు అదే టర్న్ మూడు రకాలుగా ఉంటుంది. మీవాడికి చెప్పిన బ్రేక్ పాయింట్ పొద్దున కరెక్టయితే మధ్యాహ్నానికి తప్పు. ఆ తేడా పట్టుకోవాల్సింది వాడి నడుమూ వాడి చేతులూ, ఫెన్స్ ఇవతల నిలబడ్డ మనం కాదు.

దీని మీద పరిశోధనలు కూడా ఉన్నాయి, నా సొంత కవిత్వం అనుకోకండి. 1984లోనే సాల్మొనీ, ష్మిట్, వాల్టర్ అని ముగ్గురు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ ముందేసుకుని చూశారు. చేసిన ప్రతిసారీ పక్కనుంచి ఇది తప్పు, అది రైటు అని చెప్తా ఉంటే ప్రాక్టీస్ జరిగినంతసేపూ బ్రహ్మాండంగా చేస్తారు, చెప్పడం ఆపేశాక పరీక్ష పెడితే జారిపోతారు. సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు వదలకపోతే ఏమవుద్దో మీకు తెలియంది కాదు.

ఇక అర సెకండు సంగతి. రెండేళ్లు మీవాడు సార్ బుర్రతో నడిపాడు, ఇప్పుడు సొంత బుర్ర స్టార్ట్ చేస్తున్నాడు, చల్లటి ఇంజన్ కదా, కొంచెం దగ్గుద్ది. రెండు మూడు నెలలు చూడండి. ఈలోపు చిన్న పరీక్ష, అన్నం తినేటప్పుడు మామూలుగా అడగండి, మూడో టర్న్‌లో ఏం చేస్తావ్‌రా అని. "సార్ టైర్ల గుట్ట దగ్గర బ్రేక్ కొట్టమన్నడు" అంటే పని ఇంకా మిగిలున్నట్టు. "వెనక జారితే కొంచెం ముందే వదుల్తా, పట్టు బాగుంటే లేటుగా కొడతా" అన్నాడంటే మీ పైసలు వసూలైనట్టే, టైమ్ దానంతటదే దిగుద్ది.

ఇంకోటి. కొత్తాయన ఏదో ఒకరోజు స్టీరింగ్ మీద ల్యాప్ టైమ్ చూపించే మైక్రాన్ డిస్‌ప్లేకి టేపు అంటిస్తాడు చూడండి, అప్పుడు గొడవ పెట్టుకోకండి. టైమ్ కనపడకుండా నడిపి, లోపలికొచ్చాక బెస్ట్ ల్యాప్ ఎంతో వాడే చెప్పాలి, ఆ తర్వాతే టేపు తీయాలి. నా దగ్గరికొచ్చే పిల్లలు మొదట్లో సెకండు తేడాతో చెప్తారు, కొన్నాళ్లకి 0.2 లోపలికి వచ్చేస్తారు. ఫాస్ట్‌గా పోతున్నట్టు అనిపించడం వేరు, నిజంగా పోవడం వేరు అని అక్కడ తెలుస్తుంది, ఎందుకంటే టైర్లు కీచుమంటూ అడ్డంగా జారిన ల్యాపే సూపర్ అనుకుంటారు పిల్లలు, తీరా చూస్తే అదే అన్నిటికంటే స్లో.

అయితే అడుగుడు పేరు చెప్పి పని ఎగ్గొట్టే కోచ్‌లు కూడా ఉన్నారు, అబద్ధం ఎందుకు. గుర్తుపట్టడం ఈజీ. సెషన్ నడుస్తున్నప్పుడు ఆయన ఎక్కడున్నాడో చూడండి. టర్న్ పక్కన ఎండలో నిలబడి చూసినవాడు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది, నీడలో ఫోన్ చూసుకుని వచ్చి "ఎట్లుంది?" అనేవాడి ప్రశ్న వేరే ఉంటుంది. రెండోరకం అయితే మార్చేయండి, నేనే చెప్తున్నా.

చివరగా మీరు కూడా ఆ ఫెన్స్ దగ్గర చేతులూపుడు ఆపాలె అన్నా. మీరు రాయలేదు గానీ నాకు తెలుసు, కార్టింగ్ నాన్నలందరూ ఊపుతారు.

ప్రశ్న: నమస్తే అండి. మాది గుంటూరు, ఇప్పుడు ఆస్టిన్‌లో ఉంటున్నా. ఇక్కడ సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డేస్‌కి సొంత కారేసుకుని వెళ్తుంటా. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని హెడ్‌సెట్‌లో బ్రేక్, టర్న్, గ్యాస్ అని మొత్తం చెప్తాడు, ఆయనున్నప్పుడు నాకే ముచ్చటేసేలా నడుపుతా. మొన్న ఇంక సోలో వెళ్లిపో అని దిగిపోయాడు. మొదటి ల్యాప్‌లోనే బుర్ర బ్లాంక్. ఏ టర్న్‌లో ఉన్నానో కూడా తెలీలేదు. నాలో ఏమైనా లోపమా?

జవాబు: లోపం ఏం లేదండి. ఇన్నాళ్లూ కారు నడిపింది ఆయన నోరు, మీరు కాళ్లూ చేతులూ అద్దెకిచ్చారంతే.

లెక్క చూడండి. 120లో పోతుంటే సెకండుకి 33 మీటర్లు వెళ్లిపోతారు. ఆయన "బ్రేక్" అనాలి, అది మీ చెవిలో పడాలి, కాలు కదలాలి, ఎంత చురుకైనా అర సెకండు, అంటే పదహారు మీటర్లు పోయినట్టే. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్‌కి ఇది తెలుసు కాబట్టి ఆ పదహారు మీటర్లు ముందే అరుస్తాడు. దాంతో ఏమైందంటే మీ కాలు ట్రాక్ మీదున్న ఏ గుర్తుకీ ముడిపడలేదు, ఆయన గొంతుకి ముడిపడింది. గొంతు దిగిపోయింది, గుర్తులూ పోయాయి. బ్లాంక్ కాక ఏమవుద్ది.

మీ ట్రాక్ అసలే అందుకు పెట్టింది పేరు. నేను కంప్యూటర్ సిమ్యులేటర్‌లోనే తిప్పాను గానీ ఆ మొదటి టర్న్ చూస్తేనే గుండె జారుద్ది, గుట్ట ఎక్కినట్టు ఎక్కి పైన ఎడమకి తిరగాలి, కింద నుంచి చూస్తే ఏపెక్స్, అదే మలుపు లోపలి అంచు, కనపడదు, ఆకాశమే కనపడుద్ది. తర్వాత మూడు నుంచి ఆరు దాకా పాములాగా ఎడమ కుడి ఎడమ కుడి, అక్కడ మొదటి వంపులో ఒక అడుగు బయటికి పోయారంటే ఆ అడుగు తర్వాతి వంపులో రెండడుగులవుద్ది, ఆయన చెప్పేలోపు మీరు అవతలి వంపులో ఉంటారు. అలాంటిచోట చెప్పుడు మాటలు పనికిరావు.

ఇప్పుడేం చెయ్యాలంటే, మళ్లీ ఒక్క రోజు ఆయన్నే కూర్చోబెట్టుకోండి, కానీ రోల్స్ మార్చండి. మీరు మాట్లాడాలి, ఆయన వినాలి. నోరు తెరిచి ఏం చూస్తున్నారో, ఏం చెయ్యబోతున్నారో గట్టిగా చెప్తూ నడపండి, తెలుగులో చెప్పినా పర్లేదు, ఆయనకి అర్థం కాకపోయినా మీరు ఎక్కడ ఆగారో ఆయనకి వినపడుద్ది. "అదిగో అంచు గట్టు, కర్బ్ మొదలు, ఇక్కడ కొడుతున్నా, వదుల్తున్నా, కారు ముక్కు లోపలికి వచ్చింది, ఇప్పుడు అవతల అంచు చూస్తున్నా..." ఇలా. ఎక్కడ నోరు మూగబోయిందో అక్కడ మీ బుర్రలో బొమ్మ లేదన్నమాట. మొదటిసారి నాలుగైదు చోట్ల మూగబోతారు, కంగారుపడొద్దు. స్పీడు బాగా తగ్గించి ఆ నాలుగైదు చోట్లకే ఒక సెషన్ మొత్తం ఇచ్చేయండి. ముందురోజు రాత్రి తెల్లకాగితం మీద ట్రాక్ మొత్తం గుర్తున్నంతవరకు గీసి చూసుకోండి, అక్కడ కూడా అవే చోట్ల పెన్సిల్ ఆగుద్ది.

ఆయన మాట్లాడక తప్పదంటే ఒళ్లు గురించి కాకుండా ట్రాక్ గురించి చెప్పమనండి. స్టీరింగ్ ఇంకొంచెం తిప్పు, కుడిచెయ్యి లూజుగా పెట్టు అంటే మనసంతా చేతుల మీదకి పోతుంది. లోపలి ముందు టైరుని కర్బ్ మీద ఆనించు అంటే చేతులు వాటి పని అవి చూసుకుంటాయి. గాబ్రియేలె వుల్ఫ్ అనే ఆవిడ 1998లో స్కీయింగ్ సిమ్యులేటర్ మీద ఇలాంటిదే చేసి చూపించింది, పాదాల మీద ధ్యాస పెట్టమన్నవాళ్ల కంటే పాదాల కింద చక్రాల మీద పెట్టమన్నవాళ్లు బాగా నేర్చుకున్నారు.

ప్రశ్న: నెల్లూరు నుంచి సార్, ఇంటర్ సెకండియర్. ఎఫ్1లో ఇంజనీర్ రేడియోలో అన్నీ చెప్తుంటాడు కదా. హామిల్టన్‌కే చెప్పగా లేంది మనకి చెప్తే తప్పేంటి?

జవాబు: మంచి పాయింట్ తమ్ముడూ. కానీ జాగ్రత్తగా విను, ఆ రేడియోలో ఎక్కువగా వచ్చేది కబురు. వెనక కారు ఎంత దూరంలో ఉంది, టైర్లు ఎలా ఉన్నాయి, వాన ఎప్పుడొస్తుంది. "ఇప్పుడు కొట్టు బ్రేకు" అని అక్కడ ఎవరూ అనరు, అన్నా లాభం లేదు, పైన గుంటూరాయనకి చెప్పిన లెక్కే.

ఒకప్పుడు హద్దు దాటారు కూడా. ఫలానా టర్న్‌లో నీ టీమ్‌మేట్ ఇలా చేస్తున్నాడు, నువ్వూ అలా చెయ్ అని చెప్పడం మొదలైతే 2014 సింగపూర్ రేసుకి రూల్స్ పెట్టే ఎఫ్ఐఏ వాళ్లు ఆపేశారు. డ్రైవర్ ఎవరి సాయం లేకుండా ఒంటరిగా నడపాలని రూల్‌బుక్‌లో ఉంది, దాన్ని పట్టుకుని 2016లో ఇంకా బిగించారు. ఆ ఏడాది బాకూ రేసులో హామిల్టన్ కారు ఇంజన్ సెట్టింగ్ తప్పు మోడ్‌లోకి పోయింది, ఇంజనీర్‌కి తెలుసు గానీ చెప్పకూడదు, ఈయన డజను ల్యాపుల దాకా స్టీరింగ్ మీద బటన్లు తిప్పుతూనే ఉన్నాడు, గోడల మధ్య అంత స్పీడులో, చివరికి అయిదో ప్లేస్. అదే టీమ్ రోస్‌బర్గ్‌కీ అదే సమస్య వచ్చింది, అతను చాలా త్వరగా సర్దుకుని రేసే గెలిచాడు. ఎలా అంటే అతను అప్పుడే ఒక స్విచ్ మార్చి ఉన్నాడు, కాబట్టి దేనివల్ల వచ్చిందో వెంటనే దొరికింది. ఆ తర్వాత సిల్వర్‌స్టోన్‌లో గేర్‌బాక్స్ మొరాయిస్తే రేడియోలో సాయం అందినందుకు అదే రోస్‌బర్గ్‌కి 10 సెకండ్ల పెనాల్టీ పడి రెండు నుంచి మూడుకి దిగాడు. జూలై ఆఖరికి ఆ ఆంక్షలు చాలావరకు ఎత్తేశారు. ఎత్తేయడం కరెక్టే అంటాను నేను, స్టీరింగ్ మీద మెనూలు వెతకడం డ్రైవింగ్ కాదు, అది టీవీ రిమోట్ వ్యవహారం.

ఇక 2012 అబుదాబి ఎఫ్1 రేసులో డ్రైవర్ రైకోనెన్ తన ఇంజనీర్‌తో "నన్నొదిలెయ్, నేనేం చేస్తున్నానో నాకు తెలుసు" అన్నది నీకు తెలిసే ఉంటుంది, రేసు కూడా గెలిచాడు. టీషర్టు మీద వేసుకోడానికి బావుంటుంది కానీ నువ్వు మీ కోచ్‌తో అనకు, రైకోనెన్‌కి నిజంగానే తెలుసు. మన హైదరాబాద్ రేసు చూశావా, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన కరెంటు కార్ల రేసు, ఫార్ములా ఈ? వెర్న్ ముందున్నాడు, వెనక కాసిడీ, బ్యాటరీ వెర్న్ దగ్గరే తక్కువ మిగిలింది. ఎంత మిగిలిందో రేడియోలో చెప్పగలరు, కానీ ఏ టర్న్‌కి ముందు ఎంత ముందుగా గ్యాస్ వదిలితే ఛార్జి మిగులుద్ది, అదే టైములో వెనకవాడు దూరకుండా ఎలా అడ్డం ఉండాలి అన్నది సీట్లో ఉన్నవాడే తేల్చుకోవాలి. తేల్చుకున్నాడు, గెలిచాడు.

ప్రశ్న: యూట్యూబ్‌లో ఆన్‌బోర్డ్ వీడియోలు చూసి ట్రాక్ నేర్చుకోవచ్చా? (విజయవాడ)

జవాబు: ఏ టర్న్ తర్వాత ఏ టర్న్ వస్తుందో నేర్చుకోవచ్చు, అంతవరకే. కెమెరా చాలాసార్లు డ్రైవర్ తల కంటే పైన ఉంటుంది, దానికి కనపడేవి నీకు కనపడవు. ఊరికే చూడకుండా టర్న్ రాకముందే పాజ్ కొట్టి ఇప్పుడు వీడేం చేస్తాడో పైకి చెప్పి, తర్వాత ప్లే కొట్టు. తప్పు చెప్పినచోటే నేర్చుకునేది ఉంటుంది.

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు, కోయంబత్తూర్‌లో రేస్ చేసి ఇప్పుడు అక్కడే కొత్తగా కోచింగ్ మొదలెట్టా. మీ కాలమ్ చదివి నేనూ కుర్రాళ్లని అడగడం మొదలెట్టాను. వాళ్లు విసుక్కుంటున్నారు, "అన్నా, నీకు తెలుసు కదా, చెప్పెయ్, ఎందుకీ పరీక్షలు" అంటున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

జవాబు: వాళ్లు చెప్పింది కరెక్టే తమ్ముడూ, నువ్వు పరీక్ష పెడుతున్నావ్. జవాబు నీ జేబులో పెట్టుకుని, అది వాళ్ల నోట్లోంచి రాబట్టడానికి అడుగుతున్నావ్, పిల్లలు అది ఇట్టే పసిగడతారు. "అక్కడ కొంచెం లేటుగా బ్రేక్ కొట్టొచ్చు కదా, ఏమంటావ్?" అనేది ప్రశ్న కాదు, ముసుగేసుకున్న ఆర్డర్. దానికంటే నేరుగా చెప్పడమే మర్యాద.

నేరుగా చెప్పాల్సినవి బోలెడున్నాయి కూడా. పచ్చ జెండా, పసుపు జెండా, ఎర్ర జెండా, పిట్ లేన్‌లోంచి ట్రాక్ మీదకి ఎలా కలవాలి, బెల్టులు ఎంత బిగించాలి, స్పిన్ అయితే కాళ్లు రెండూ క్లచ్ బ్రేకుల మీద పెట్టి ఉంచాలి. వీటి గురించి "నీకేమనిపిస్తుంది" అని అడిగేవాడికి కోచ్ లైసెన్స్ పీకేయాలి. మొదటిసారి కారెక్కినవాడికి ట్రాక్ మీద పోవాల్సిన లైన్ కూడా చూపించెయ్, నువ్వు ముందు నడిపి నీ వెనకాల రమ్మను. వాడికి అనుభవమే లేనప్పుడు ఏమని చెప్తాడు పాపం.

అడగాల్సింది నీకు నిజంగా తెలియని దాన్ని. వాడి నడుము కింద ఏం జరుగుతోందో నీకు తెలీదు కదా, అది అడుగు. మొన్నీమధ్య నా దగ్గర జరిగింది చెప్తా. రెండో గేర్ హెయిర్‌పిన్, అదే యూటర్న్ లాంటి మలుపు, కుర్రాడు అక్కడ అర సెకండు పోగొట్టుకుంటున్నాడు, నేను పక్కనే నిలబడి చూశా, వాడు బ్రేకు గట్టిగా కొట్టి, మొత్తం వదిలేసి, అప్పుడు తిప్పుతున్నాడు.

లోపలికొచ్చాక "ఎలా ఉంది?" అన్నా. "బానే ఉందన్నా." ఇది చచ్చిన ప్రశ్న, ఇంకెప్పుడూ అడక్కు, నేనే ఇంకా అలవాటులో అడిగేస్తుంటా. మళ్లీ అడిగా, "హెయిర్‌పిన్‌లో ముక్కు లోపలికి రావడం ఎప్పుడు మొదలైంది?" బుర్ర గోక్కున్నాడు. "చూసుకోలేదన్నా." "సరే, స్పీడు గురించి వదిలెయ్, ఈ సెషన్ మొత్తం అదొక్కటే చూసి రా." పదిహేను నిమిషాల సెషన్, ఆ ట్రాక్‌లో ఓ పన్నెండు ల్యాపులు, ఒకే టర్న్, ఒకే ప్రశ్న. వచ్చి హెల్మెట్ తియ్యకుండానే చెప్తున్నాడు, "బ్రేక్ వదిలాక వస్తోందన్నా." "వదిలాకా, వదుల్తుండగానా?" ఆగిపోయాడు. కళ్లు మూసుకుని కుడికాలు గాల్లోనే నెమ్మదిగా పైకి లేపాడు, చేతులు తిప్పాడు, పిట్‌లో ఉన్నవాళ్లందరూ నవ్వుతున్నారు. "వదుల్తుండగా అన్నా. కొంచెం పట్టుకునుంటే తిరుగుతోంది, మొత్తం వదిలేస్తే ముందుకి తోసేస్తోంది."

చూశావా, ట్రెయిల్ బ్రేకింగ్, అదే తిప్పుతూ బ్రేకు నెమ్మదిగా వదలడం, మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది, నేను ఆ మాటే ఎత్తలేదు. అప్పుడు చెప్పా, బ్రేక్ మీద కాలుంటే బరువు ముందు టైర్ల మీద పడుద్ది, బరువు పడ్డ టైరు పట్టుద్ది, తిరుగుద్ది అని. వాడు దాన్ని అప్పటికే ఒంటితో తెలుసుకున్నాడు కాబట్టి మాట లోపలికి దిగింది. తర్వాత కారులో రికార్డయిన డేటా తీసి పాత సెషన్ గీత మీద కొత్త గీత పెట్టి చూపించా, పాతదానిలో బ్రేక్ ప్రెషర్ గీత గోడలా కిందకి పడిపోతోంది, కొత్తదానిలో వాలుగా దిగుతోంది. డేటా ఎప్పుడూ వాడు చెప్పాకే చూపించు. ముందే చూపించావంటే వాడు స్క్రీన్‌లో ఉన్నది నీకే తిరిగి అప్పజెప్తాడు.

ఒక్క ఇబ్బంది ఉంది, దాచను. దీనికి టైమ్ పడుద్ది. అదే మాట నేను చెప్పేసి ఉంటే రెండు నిమిషాల పని, ఇలా అయితే అరపూట పోయింది. రేపు క్వాలిఫయింగ్, అదే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ, అయితే ఇవాళ సాయంత్రం ఈ ప్రయోగాలు పెట్టుకోకు, చెప్పెయ్, నడవనీ, సోమవారం నుంచి అడుగు.

ప్రశ్న: అయ్యా, మాది రాజమండ్రి దగ్గర. మా అబ్బాయికి బళ్లంటే ప్రాణం, చెన్నైలో ట్రెయినింగ్‌కి పంపాం. అక్కడ ప్రతి సెషన్ తర్వాత ఇంగ్లీషులో నోట్స్ రాయమంటున్నారట. వాడికి తెలుగు రాయడమే కష్టం, టెన్త్ గట్టెక్కడమే గగనమైంది. చదువు రానివాడు ఈ ఆలోచించి నడిపే పద్ధతిలో ఎలా నెగ్గుకొస్తాడండి?

జవాబు: అమ్మా, ముందు ఒక పేరు చెప్తా, జాకీ స్టీవర్ట్. స్కాట్లాండ్ ఆయన, 1969, 71, 73లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. చిన్నప్పుడు బడిలో మొద్దు అని అనిపించుకున్నాడు, చదవడం రాయడం పట్టుబడేది కాదు, అది డిస్లెక్సియా అని తెలిసేసరికి నలభై దాటింది. అలాంటాయన జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ అని ఇరవై కిలోమీటర్లు దాటిన కొండ ట్రాక్, నూట యాభైకి పైగా మలుపులు, 1968లో వానలో పొగమంచులో నాలుగు నిమిషాల పైన తేడాతో గెలిచాడు. రాత రాకపోవడం వేరు, గమనించడం రాకపోవడం వేరు.

నోట్స్ అంటే ఇంగ్లీషు కాంపోజిషన్ కాదమ్మా. ర్యాలీ వాళ్లని చూడండి, మన గౌరవ్ గిల్ ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు గెలిచాడు, 2013, 2016, 2017. ర్యాలీలో డ్రైవర్ ముందుగా ఆ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ ప్రతి మలుపు గురించీ తన మాటల్లో చెప్తాడు, పక్కనున్న కోడ్రైవర్ రాసుకుని రేసులో అవే మాటలు తిరిగి చదువుతాడు. ఇంకొకరి నోట్స్ చేతికిస్తే ఎంత పెద్ద డ్రైవరైనా తడబడతాడు, ఎందుకంటే ఆ మాటలు తన కళ్లు చూసినవి కావు.

మీ అబ్బాయిని కూడా తన మాటల్లోనే చెప్పనివ్వండి. నా దగ్గరున్న ఒక కోనసీమ కుర్రాడు కారు తిరక్కుండా ముందుకే పోతే అండర్‌స్టీర్ అనడు, "మొహం మొండికేసిందండి" అంటాడు. వెనక జారే ఓవర్‌స్టీర్‌కి "తోక తిప్పింది". బ్రేకు కొట్టగానే వెనక చక్రాలు తేలికైతే "కుండ ఒలికింది" అంటాడు, మొదటిసారి నాకు అర్థం కాలేదు, నీళ్ల కుండ ముందుకి వంచితే బరువంతా ముందుకి పోయినట్టు అని వాడే చేతులతో చేసి చూపించాడు. ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ ఇంతకంటే బాగా లేదు. ఇప్పుడు ఆ టీమ్ మెకానిక్ కూడా వాణ్ని కుండ ఒలికిందా లేదా అనే అడుగుతాడు.

కోచ్‌తో ఒకసారి మాట్లాడండి, రాతకి బదులు ఫోన్‌లో వాయిస్ రికార్డింగ్ పెడతామని. తెలుగులోనే. కాకపోతే కారు దిగిన రెండు మూడు నిమిషాల్లోనే మాట్లాడాలి, పక్కవాళ్లతో కబుర్లు మొదలయ్యాయంటే సగం పోయినట్టే. అడిగే కోచ్ అయితే ఆయనే ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే నాకు మళ్లీ రాయండి.